గుట్ట మీద జీవాలు: బిడ్డకు ఉత్తరం

బిడ్డా,

నువ్వు, అల్లుడు కలిసి 20 గొర్లు, ఒక పొట్టేలు, ఆరు మేకలు కొంటమన్నరు. ఫోన్ల చెప్తె సగం గాలికి పోతదని రాస్తున్న. కాయితం చింపకుండ కొట్టంల దూలానికి కట్టుకోండ్రి.

మొదలు, కొనేకాడి సంగతి. నెల్లూరు గొర్రె పొడుగు, చూడ ముచ్చటగ ఉంటది, సంతల రేటు గూడ దానికే. కానీ ఆ పొడుగు కాళ్లు చదును నేలకు ఒప్పినట్టు రాళ్ల గుట్టకు ఒప్పవు. మీ అమ్రాబాద్ దిక్కు గుట్టలకు దక్కనీ నల్ల గొర్రెనే నయం. తూకం తక్కువనే గని ఎండకు, కరువుకు ఆగుతది. బొచ్చు మాత్రం వానలు పడకముందే కత్తిరించాలె. తడిసిన బొచ్చు రోజంత ఆరది, సలి పడితె దగ్గు, ముక్కు కారుడు. కొనేటప్పుడు నోరు తెరిచి చూడు. ముందట పెద్ద పండ్లు రెండో, నాలుగో వచ్చినదాన్ని తీసుకో, పండ్లు ఊగేది వద్దు. పొదుగును చేత్తో పిసుకు, లోపల గట్టిగ గడ్డ తగిలితె అది పిల్లకు పాలియ్యది. తెచ్చినంక మూడు వారాలు పాత జీవాలల్ల కలపొద్దు. సంత నుంచి జీవంతోని పాటు రోగం గూడ ఇంటికొస్తది.

ఇగ అసలు ముచ్చట. గుట్టల మేపుట్ల ఏ కాలంల ఎంత ఎత్తుల తిప్పాలె అన్నదే సగం పని. వానకాలం పైకి, ఎండకాలం కిందికి. ఆషాఢం నుంచి కార్తీకం ఎల్లిందాక కుంట అంచులకు, వరి మడుల గట్లకు జీవాలను పోనియ్యకు. ఆడ గడ్డి పచ్చగ, మెత్తగ ఉంటది, జీవం దాన్నే ఇష్టపడతది, ఆడనే మోసం ఉన్నది. కార్జపు జలగ పిల్లలు నీళ్లల్ల ఉండే నత్తల కడుపుల పెరిగి, బయటికొచ్చి గడ్డికి అంటుకుంటయి. ఆ గడ్డి మేసిన గొర్రె రెండు మూడు నెలలకు చిక్కిపోతది, దవడ కింద నీరు దిగుతది. గుట్ట ఏటవాలు మీద నీళ్లు నిలువయి, నత్త ఉండది, గిట్టలు గూడ నానవు. ఎండకాలం మల్ల గుట్ట మాడి బోద గడ్డి తప్ప మిగలది, అది ముదిరితె నోట్లె పెట్టవు. అప్పుడు కోసిన పొలాలు, ఎండిన చెరువు లోపలి గడ్డి చూసుకోవాలె.

వానకాలం ఇంకో నియమం ఉన్నది. పొద్దుగాల మంచు ఆరిందాక మంద తోలకు. నెత్తురు తాగే కడుపు పురుగు పిల్లలు తడి గడ్డి మొదట్ల, నేలకు రెండు మూడు ఇంచుల లోపలనే ఎక్కువ ఉంటయి. గొర్రె గడ్డిని మొదలంట కొరుకుతది కాబట్టి దానికి ఎక్కువ పడతయి. మేక ఆకు మీద బతికే జీవం, దాన్ని రేగు, సండ్ర చెట్ల దిక్కు వదిలితె చాల వరకు తప్పించుకుంటది. మేకను గూడ నేల గడ్డి మీదనే పెడితె గొర్రె కంటె అదే ఎక్కువ దెబ్బ తింటది.

ఆ పురుగు పడ్డదా లేదా అని పేడ చూసి చెప్పలేవు, పారుడు పెట్టకుండనే జీవాన్ని తింటది. కన్ను చూడాలె. గొర్రెను గోడకు ఆనించి తల పట్టుకో, బొటన వేలుతో పై రెప్పను మెల్లగ కిందికి నొక్కి మూసి, ఇంకో వేలుతో కింది రెప్ప లాగు. లోపలి పొర ఎర్రగ ఉంటె మంచిది. గులాబి రంగుకు దిగిందంటె గుర్తు పెట్టుకో, పాలిపోయి తెల్లగుంటె ఆ రోజే మందు పొయ్యాలె. వెలుతురుల చూడాలె, కొట్టం చీకట్ల అన్నీ తెల్లగనే కనపడతయి. వానకాలం రెండు వారాలకొకసారి మందంత ఇట్ల చూస్తె జీవం నేల మీద పడేకాడికి రాదు.

మందు పొయ్యడం: ఆల్బెండజోల్ 2.5 శాతం ద్రావణమైతె 10 కిలోల బరువుకు 3 మిల్లీలీటర్లు, అంటె 30 కిలోల గొర్రెకు 9. సీసా మీద శాతం చదువు, 10 శాతంది గూడ దొరుకుతది, లెక్క మారుతది. బరువు అందాజ చెయ్యకు, స్ప్రింగు కాంటా కొనుక్కో. తక్కువ పోస్తె బతికిన పురుగులకు ఆ మందు అలవాటైపోతది, వచ్చే ఏడు సీసా మొత్తం పోసినా సావయి. పొట్టేలు కట్టిన మొదటి నెల సూడి గొర్లకు ఆల్బెండజోల్ వద్దు, పిల్ల కరాబయితది. వాటికి ఏం పొయ్యాలెనో డాక్టర్‌ను అడుగు. పోసేటప్పుడు తల ఎత్తి పట్టకు. మూతి కంటి కంటె పైకి పోవద్దు, పక్క దవడ నుంచి మెల్లగ పొయ్యి. తల ఎత్తితె మందు ఊపిరితిత్తులల్లకు పోయి, రోగం కంటె ముందు మందే సంపుతది. జలగకు మందు వేరే ఉన్నది, దాన్ని వానలు తగ్గినంక పొయ్యాలె.

చిటుక రోగం గురించి గట్టిగ చెప్తున్న. మొదటి వానలకు లేత గడ్డి మొలుస్తది, ఆకలి మీదున్న జీవాలు దాని మీద పడతయి. పేగులల్ల ముందు నుంచే ఉన్న సూక్ష్మక్రిమి ఆ మేతకు ఒక్కసారే పెరిగి విషం కక్కుతది. మందల బాగ బలిసిన పిల్లనే ముందు పోతది. రాత్రి ఎగురుకుంట ఉన్నది తెల్లారెవరకు చచ్చి ఉంటది, వైద్యానికి టైం దొరకది. అందుకే టీకా మే నెల లోపలే వేయించు, మొదటిసారైతె రెండు మూడు వారాలకు మల్లొక్కసారి. సూడి గొర్లకు ఈనే ముందు నెలల వేయిస్తె పిల్లకు ముర్రుపాలల్ల ఆ బలం పోతది. కొత్త గడ్డి రోజులల్ల తోలే ముందు ఇంత ఎండు జొన్న సొప్ప కొరకనియ్యి. పీపీఆర్ (పారుడు రోగం) టీకా మూడేండ్లకొకసారి చాలు, నాలుగు నెలలు దాటిన పిల్లలకు గూడ వేస్తరు. ఐసు పెట్టెల తెచ్చిన్రా లేదా చూడు. కలిపినంక ఎక్కువ సేపు ఉంచితె అది పని చెయ్యది, సూది పొడిచిన బాధే మిగులుతది. నీలి నాలుక రోగం వానలు తగ్గే టైంల కుట్టే సన్న దోమలతోని వస్తది, దానికి గూడ టీకా ఉన్నది. సాయంత్రం దొడ్డి చుట్టు యాపాకు పొగ పెట్టండ్రి.

కొట్టం గుట్ట శిఖరం మీద కాదు, ఒర్రె పక్కన కాదు, నడుమ ఏటవాలు మీద వెయ్యండ్రి. పై దిక్కున అడుగు లోతు కాల్వ తవ్వి వాననీళ్లు పక్కకు మళ్లించాలె, లేకుంటె గుట్ట నీళ్లన్నీ మీ కొట్టంల నుంచే పోతయి. పెద్ద గొర్రెకు 10 చదరపు అడుగులు, పొట్టేలుకు 20. నేలకు మొరం పోసి వారానికోసారి సున్నం చల్లు. గిట్ట పుండ్లు కనపడితె గిట్టల నడుమ కుళ్లు గీకి, లీటరు నీళ్లకు 50 గ్రాముల మైలుతుత్తం కలిపి తొట్టిల నిలబెట్టు. ఆ నీళ్లు ఒక్క గుక్క గూడ తాగనియ్యకు. మైలుతుత్తంల రాగి ఉంటది, గొర్రెకు అది పడది, కార్జం దెబ్బ తింటది. ముందు కడుపు నిండ మంచినీళ్లు తాపి తర్వాత తొట్టిలకు దించు.

పొట్టేలును మంద తోని ఏడాది పొడుగున తిరగనియ్యకు. జూన్, జూలైల కట్టిస్తె ఐదు నెలలకు, నవంబరు, డిసెంబరుల ఈనుతయి, ముసురు తప్పుతది. ఈనే ముందు నెలన్నర రోజుకు 200 గ్రాముల దాణా పెట్టు. పిల్ల పడంగనే ముక్కు తుడిచి, బొడ్డు రెండు ఇంచుల దూరంల దారం కట్టి కోసి, అయోడిన్‌ల ముంచు. గంట లోపల ముర్రుపాలు తాగాలె. సలి రాత్రులు గాలి వచ్చే దిక్కు గోనె పట్టాలు కట్టు. పొట్టేలును రెండేండ్లకొకసారి మార్చు, దాని బిడ్డలకు దాన్నే కట్టించొద్దు.

విషాలు. మన దిక్కు ఆముదం ఎక్కువ, కొట్టిన కల్లం కాడికి జీవాలు పోవద్దు, గింజలు నమిలితె పాణం మీదికొస్తది. జొన్న కోసినంక మొలిచే పిలకలు, వాన లేక వాడిన లేత జొన్న మేస్తె నాము పడతది, అంటె ఆ జొన్నల ఉండే విషం ఎక్కుతది. కడుపు మాడిన మందను ఆ చేను పక్క నుంచి గూడ తోలకు. పత్తికి మందు కొట్టిన్రేమో అడగకుండ చేండ్ల దింపొద్దు. జొన్నల లెక్క తిండి గింజలు ఎక్కువ మేసి పొట్ట ఉబ్బితె 15 గ్రాముల వంట సోడా నీళ్లల్ల కలిపి తాపి 1962కు ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్స్ వస్తది.

అడవి సంగతి మన చందంపేట గుట్టల లెక్క కాదు మీకు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, లోపలి భాగంల మేపుడుకు పర్మిషన్ లేదు. ఏడ తిప్పొచ్చో బీటు ఆఫీసరును అడిగే తోలండ్రి, కొమ్మలు నరకొద్దు. మేత తక్కువైతదని భయమైతె మొదటి వానకు మీ గట్ల మీద స్టైలో అనే మేత మొక్క విత్తనం చల్లు. దాని పొర గట్టిది, 80 డిగ్రీల వేడి నీళ్లల్ల 4 నిమిషాలు ఉంచి, రాత్రంత చన్నీళ్లల్ల నానబెట్టి చల్లితెనే మొలుస్తది. చిరుతకు ముండ్ల కంచె ఒక లెక్క కాదు, ఎగిరి దుంకుతది. దొడ్డికి పైన గూడ జాలీ ఉండాలె. రేసు కుక్కలు (అడవి కుక్కలు) పగటి పూటనే గుంపుగ వస్తయి, కాబట్టి మందల ఎవరో ఒకరు ఉండాలె, పిల్లగాండ్లను ఒక్కలనే పంపొద్దు. జీవాన్ని మెకం పట్టితె కళేబరం కదిలించకు, ఫోటో తీసి అదే రోజు అటవీ శాఖ వాళ్లకు చెప్పు, వాళ్లు వచ్చి చూస్తెనే పరిహారం కాయితం కదులుతది. కోపంల దాని మీద విషం చల్లుడు మాత్రం వద్దు, అది జైలు పని, పైగ మీ కుక్కనే ముందు సస్తది.

కాంటా, అయోడిన్ ఇక్కడ దేవరకొండల కొని వచ్చే వారం బస్సుల పంపుత. టీకా ఏ రోజు వేస్తరో పశువుల దవాఖానల ఇప్పుడే అడిగి పెట్టుకో.

ఇట్లు
మీ నాయిన