వేళ్లు వెనక్కి వంగే పిల్లల బాధ వినండి

సంపాదకులకు నమస్కారం.

నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి బొటనవేలిని వంచి ముంజేతికి ఆనిస్తే ఇంటికి వచ్చినవారంతా ముచ్చటపడేవారు. తెలియక మేమూ పదేపదే చేయించాం. అరపేజీ రాసేసరికి అదే చేయి నొప్పిపుడుతోందని చెప్పినప్పుడు బడిలో దానిని బద్ధకమన్నారు.

కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు ఎక్కువగా సాగే స్వభావం చాలామంది పిల్లలలో ఉంటుంది, అందులో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు. కొందరికి మాత్రం సాయంత్రాలు కాళ్ల నొప్పులు, తరచూ చీలమండ బెణకడం, త్వరగా అలసిపోవడం ఉంటాయి. చిటికెనవేళ్లు, బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లు, నడుము ఎంత వంగుతున్నాయో చూసి వైద్యులు 9 మార్కుల బైటన్ కొలతతో అంచనా వేస్తారు. అయితే చిన్నపిల్లల శరీరం సహజంగానే బాగా వంగుతుంది కనుక, ఆ మార్కులకన్నా బిడ్డ చెప్పే బాధకే విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇలాంటి పిల్లలను ఆటలు మాన్పించడం పొరపాటు. కండరాలు బలపడితేనే కీళ్లకు ఆసరా దొరుకుతుంది కాబట్టి ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు, ఈత, సైకిల్ మేలు చేస్తాయి. నృత్యం, వ్యాయామ తరగతులలో మాత్రం శరీరాన్ని ఇంకా వంచమని ఒత్తిడి చేయరాదు. లావు పెన్సిలు, రాతపని మధ్య కాస్త విరామం, తేలికైన సంచి, పరీక్షలో కొంత అదనపు సమయం ఇవ్వడం ఏ బడికీ భారం కాదు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వెళ్లే వైద్య బృందాలు కీళ్ల నొప్పుల గురించి కూడా పిల్లలను అడిగేలా, ఉపాధ్యాయులకు దీనిపై అవగాహన కల్పించేలా విశాఖ జిల్లా అధికారులు చర్యలు తీసుకోవాలని కోరుతున్నాను.

– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం