వాహనాలు తగ్గితే ఓజోన్ పెరగడమా?

సంపాదకులకు,

రోడ్ల మీద వాహనాలు తగ్గిన రోజు నగరం నడిబొడ్డున ఓజోన్ పెరుగుతుందని వాయు నాణ్యత మోడల్ చెబితే, మొదట వినిపించే మాట "కంప్యూటర్ లెక్క తప్పింది" అనే. కానీ 2020 లాక్‌డౌన్లలో అనేక దేశాల నగరాల్లో నిజంగా ఓజోన్ పెరగడమే జరిగింది. వాహనాల పొగ వల్ల వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ బాగా పడిపోయింది, చాలాచోట్ల ఓజోన్ పెరిగింది. మోడళ్లు తప్పే చోట్లు వేరే ఉన్నాయి, వాటి సంగతీ రాస్తాం.

నేల దగ్గరి ఓజోన్ ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు, గాలిలోనే తయారవుతుంది. సుమారు 420 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలున్న ఎండ తగిలితే నైట్రోజన్ డయాక్సైడ్ విరిగి ఒక ఆక్సిజన్ పరమాణువు విడిపోతుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌నే తిని మళ్లీ డయాక్సైడ్ అవుతుంది. జమకూ ఖర్చుకూ సరి. పెట్రోలు ఆవిర్లు, రంగుల్లోని ద్రావకాలు, ఆకులు వదిలే ఐసోప్రీన్ వచ్చి చేరితేనే లెక్క మారుతుంది. గాలిలో దేనితోనైనా ఇట్టే చర్య జరిపే హైడ్రాక్సిల్ రాడికల్ అనే అణు ముక్క (దాని ఆయుష్షు దాదాపు ఒక్క సెకను) వాటిపై పడితే పెరాక్సీ రాడికల్స్ అనే మరో రకం ముక్కలు పుడతాయి. నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మార్చే పని ఇక అవే చేసేస్తాయి, ఓజోన్ ఖర్చు కాదు. అప్పుడు అది పోగుపడుతుంది.

రద్దీ రోడ్డు పక్కన తాజా నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ కాబట్టి ఓజోన్ తక్కువ. పైగా నైట్రోజన్ డయాక్సైడ్ ఎక్కువైతే హైడ్రాక్సిల్‌ను పట్టుకుని నైట్రిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. పని జరగాల్సిన చోటి నుంచి కూలీనే ఎత్తుకుపోయినట్టు. అలాంటి చోట నైట్రోజన్ ఆక్సైడ్లను (నైట్రిక్ ఆక్సైడ్, డయాక్సైడ్ రెండింటినీ) కొంతవరకే తగ్గిస్తే అక్కడ ఓజోన్ పెరుగుతుంది, గాలివాటున ఊరు దాటాక తగ్గొచ్చు. చెట్లకు లాక్‌డౌన్ లేదు, ఎండ ముదిరేకొద్దీ ఐసోప్రీన్ వదులుతూనే ఉంటాయి.

ఇక మోడల్. గాలిని గడులుగా కోసి, ప్రతి గడిలో ప్రతి కొన్ని నిమిషాలకు ఎంత కాలుష్యం చేరింది, గాలి ఎంత మోసుకెళ్లింది, పైకీ కిందికీ ఎంత కలిసింది, ఏ చర్యలు జరిగాయి, నేలకు ఎంత అంటుకుంది అని లెక్కిస్తారు. ఎంత గడికి అంత రసాయనం. 12 కిలోమీటర్ల గడిలో ఒక్క రోడ్డు మీది పొగ క్షణంలో గడంతా పరుచుకున్నట్టే లెక్క, కాబట్టి రోడ్డు పక్కన ఓజోన్ మాయమవడం అందులో కనిపించదు. ఆ అంకెను రోడ్డు పక్కనున్న కొలత కేంద్రంతో పోల్చి తప్పు పట్టడం అన్యాయం. మొదటి కొన్ని రోజుల ఫలితాలను పారేయాలి, అవి ప్రారంభంలో పెట్టిన ఊహా విలువల ప్రతిధ్వనే.

అసలు పొరపాటు ఎక్కువగా రాత్రి పుడుతుంది. పగలు 1-2 కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోయే గాలి, నిశ్చలమైన రాత్రి 100-200 మీటర్లకు కుంచించుకుపోతుంది. నిజంగా 100 మీటర్లు ఉన్న పొరను మోడల్ 200 అనుకుంటే కాలుష్యం సుమారు సగమే చూపిస్తుంది. ఉద్గారాల పద్దులోనూ (గాలిలోకి ఎంత కాలుష్యం వదులుతున్నామన్న లెక్కలోనూ) సగమే రాసి, పొరనూ సగం ఎత్తే అనుకుంటే? అంకె అచ్చంగా సరిపోతుంది! రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. అటువంటి మోడల్‌తో 'ఉద్గారాలు 30 శాతం తగ్గిస్తే ఏమవుతుంది' అని అడిగితే వచ్చే జవాబును నమ్మలేం. అందుకే రోజు సగటు సరిపోయిందంటే చాలదు. గంట గంటకూ, ఓజోన్‌తో పాటు నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, సేంద్రియ ఆవిర్లు కూడా సరిపోవాలి.

కొలిచే యంత్రమూ కొలతలో దోషమే తేవచ్చు. చాలా కేంద్రాల్లోని పరికరం నైట్రోజన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలవదు. సుమారు 325 డిగ్రీల సెల్సియస్ వేడిలో మాలిబ్డినం అనే లోహం మీదుగా పంపి నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చి, దానికి ఓజోన్ కలిపినప్పుడు వెలువడే వెలుగును కొలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచే గాలిలో తయారయ్యే పెరాక్సీ ఎసిటైల్ నైట్రేట్, కొంత నైట్రిక్ ఆమ్లం కూడా అదే దారిన మారిపోయి డయాక్సైడ్ ఖాతాలో చేరతాయి. మధ్యాహ్నం, ఊరికి దూరంగా, గాలి 'పాతబడిన' (పొగ వెలువడి చాలాసేపైన) చోట ఈ దొంగలెక్క ఎక్కువ. అప్పుడు సరైన మోడలే తక్కువ చూపినట్టు కనిపిస్తుంది. కాంతితో మార్చే పరికరం వాడితే ఈ దోషం చాలావరకు పోతుంది. అది లేకపోతే మోడల్‌లోనూ ఆ పదార్థాలను డయాక్సైడ్‌కు కలిపి పోల్చాలి.

మీ పత్రికకు మా విన్నపం చిన్నదే. వాయు నాణ్యత సూచీ ఒక్క అంకె వేసి ఊరుకోకండి. ఆ అంకెను ఏ కాలుష్యం నిర్ణయించిందో రాయండి. ఓజోన్ ఎనిమిది గంటల సగటును విడిగా వేయండి. మోడల్ అంచనా వేసేటప్పుడు గడి ఎన్ని కిలోమీటర్లో, ముందురోజు అంచనాకూ కొలతకూ తేడా ఎంతో ఒక చిన్న వరుసలో ఇవ్వండి. చోటు చాలకపోతే రంగుల పట్టీని తీసేయండి, ఈ వరుసను ఉంచండి.

ఇట్లు,
వాయు నాణ్యత మోడలింగ్‌లో పనిచేస్తున్న పాఠకులం