సర్వీస్ డాగ్‌ని ఆపమని సంతకాలు పెట్టకండి

సంపాదకుడు గారికి,

అమెరికా బడుల్లోకి కుక్కల్ని రానివ్వడాన్ని తప్పుపడుతూ మీ ప్రవాస పేజీలో ఒక లేఖ వేశారు. అది వచ్చిన దగ్గర్నుంచి మా వైపు తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పిటిషన్ తిరుగుతోంది. వైకల్యం ఉన్న ఒక పాప వెంట క్లాసుకు వస్తున్న సర్వీస్ డాగ్‌ని, అంటే ఆమెకి సాయపడటానికి శిక్షణ ఇచ్చిన కుక్కని, ఆపించాలట. నేను ఇక్కడ మిషిగన్‌లోనే ఒక స్కూల్లో పారా ఎడ్యుకేటర్‌ని. వైకల్యం ఉన్న పిల్లల పక్కనే ఉండి, బ్యాగు తగిలించడం దగ్గర్నుంచి బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం దాకా చూసుకోవడం నా ఉద్యోగం. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మనవాళ్ళ భయం నాకు కొత్త కాదు. మన ఊళ్ళో కుక్క అంటే వీధికుక్కే. కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని బెదిరించి పెంచారు. ముట్టుకుంటే స్నానం చేసి రమ్మనే ఇళ్ళు కొన్ని. అలా పెరిగినవాళ్ళకి పిల్లాడి క్లాసులో కుక్క ఉందంటే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? అయితే మన భయానికి ఆ పాప ఎందుకు నష్టపోవాలి?

‘సాయానికి మనిషిని పెట్టారు కదా, మళ్ళీ కుక్క దేనికి?’ అని ఆ లేఖ అడిగింది. సరిగ్గా ఇదే వాదన 2009లో ఇదే రాష్ట్రంలో, జాక్సన్ కౌంటీలోని నెపోలియన్ అనే చిన్న ఊళ్ళో స్కూలు అధికారులు చేశారు. సెరిబ్రల్ పాల్సీ (కాళ్ళూ చేతుల కదలిక అదుపులో ఉండని వైకల్యం) ఉన్న, ఫ్రై అనే కుటుంబంలోని అమ్మాయికి వండర్ అనే కుక్క ఉండేది. కింద పడ్డవి తీసివ్వడం, తలుపులు తియ్యడం, లైట్లు వెయ్యడం, కోటు విప్పడంలో సాయపడటం, వాకర్ పట్టుకుని నడుస్తుంటే తూలిపోకుండా చూడటం దాని పని. స్కూలు మొదట రానివ్వలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ట్రయల్ అని రానిచ్చి, క్లాసులో వెనక కూర్చోబెట్టారు. దాని పని దాన్ని చెయ్యనివ్వకుండా ఉంచి చూస్తే ఏం తేలుతుందో నాకైతే అర్థం కాలేదు. తల్లిదండ్రులు పాపని బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకున్నారు. అమెరికా కేంద్ర విద్యాశాఖ పౌరహక్కుల విభాగం 2012లో స్కూలుదే తప్పంది. చివరికి వాళ్ళు పాపని వేరే స్కూల్లో వేశారు.

ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017 ఫిబ్రవరిలో తీర్పు కుటుంబం వైపే వచ్చింది, ఒక్క జడ్జి కూడా వ్యతిరేకించలేదు. కోర్టు తేల్చింది కుక్క సంగతి కాదు, వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న ప్రత్యేక విద్య చట్టం కింద జరగాల్సిన విచారణలన్నీ ముగించుకుని రాకుండా దావా వెయ్యొచ్చా అన్నది. అందుకు తీర్పు రాసిన జస్టిస్ కేగన్ ఒక చక్కటి పరీక్ష పెట్టారు. ఇదే ఫిర్యాదు పబ్లిక్ లైబ్రరీ మీద చెయ్యగలమా? స్కూలుకు పనిమీద వచ్చిన పెద్దవాళ్ళు చెయ్యగలరా? చెయ్యగలిగితే అది చదువు సరిగ్గా చెప్పలేదన్న తగాదా కాకపోవచ్చు, వివక్ష మీద ఫిర్యాదు కావచ్చు. అలాంటప్పుడు ఆ విచారణలు ముగిసేదాకా ఆగక్కర్లేదు. లెక్కల్లో వెనకబడ్డ పిల్లాడికి ట్యూషన్ పెట్టలేదంటే లైబ్రరీ మీద కేసు వెయ్యలేం. కుక్కని గుమ్మం దగ్గర ఆపితే వెయ్యగలం.

మనిషి ఉన్నా కుక్క ఎందుకన్నదానికి నా అనుభవం చెబుతాను. నేను చూసుకునే పిల్లలు పెన్సిల్ పడిపోతే నన్ను అడగాలి. నేను ఇంకొకరి దగ్గర ఉంటే ఎదురు చూడాలి. కొందరు అడగలేక ఊరుకుంటారు. ఒక క్లాసులో కుక్క ఉన్న పాపని చూశాను. రంగు పెన్సిల్ జారి టేబుల్ కిందికి దొర్లింది. పాప మెల్లిగా ఒక మాట అంది, కుక్క నోటితో అందించింది, పాప గౌనుకి తుడుచుకుని మళ్ళీ రంగు వేసుకుంది. పక్క పిల్లలు తలెత్తి కూడా చూడలేదు. మొదట్లో అందరూ దాని చుట్టూ మూగారు, నిజమే. తర్వాత వాళ్ళకది క్లాసులో ఒక బల్లలాగే అయిపోయింది.

ఇక ‘రేపు అందరూ పెంపుడు కుక్కల్ని తెస్తారు’ అన్న మాట. అమెరికా వికలాంగుల చట్టం కింద 2011 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, వైకల్యానికి సంబంధించిన ఒక పని చెయ్యడానికి శిక్షణ పొందిన కుక్కే సర్వీస్ డాగ్. పక్కన ఉంటే మనసుకు ధైర్యంగా ఉంటుందంటే చాలదు. (పొట్టి గుర్రాలకు కూడా అందులో చోటుంది. ఆ సంగతి గ్రూపులో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.) కుక్క అదుపు తప్పినా ఆపాల్సినవాళ్ళు ఆపకపోతే, లేదా క్లాసులోనే మలమూత్రాలు చేస్తే బయటికి పంపే అధికారం స్కూలుకి ఉంది. మీరు అలాంటిది చూస్తే ఫిర్యాదు చెయ్యండి, తప్పులేదు.

అలర్జీ, భయం మాత్రం దాన్ని ఆపడానికి కారణాలుగా చెల్లవు. అలాగని అలర్జీ ఉన్న పిల్లాడు ముక్కు కారుతూ కూర్చోవాలనీ కాదు. ఇద్దర్నీ గదిలో చెరో మూల కూర్చోబెట్టాలి, కుదరకపోతే వేర్వేరు సెక్షన్లలో వెయ్యాలి. ఆ ఏర్పాటు చెయ్యాల్సింది స్కూలు. మీ పిల్లలకి అలర్జీ ఉంటే డాక్టర్ రాసిచ్చిన కాగితం తీసుకుని స్కూల్లో ఇలాంటి ఏర్పాట్లు చూసే ‘504 కోఆర్డినేటర్’ని కలవండి. భయమైతే టీచర్‌కి చెప్పి సీటు మార్పించుకోండి. ఆ పిటిషన్‌లో ఇప్పటికే పేరు రాసినవాళ్ళు గ్రూపు అడ్మిన్‌కి చెప్పి తీయించుకోవచ్చు, అది ఇంకా ప్రిన్సిపాల్ దాకా వెళ్ళలేదు.

– ఒక పాఠకురాలు,
కాంటన్, మిషిగన్