ఆ గుండ్రటి తలుపుల లోపల

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల ఆఫీసు పని మీద షికాగో వెళ్తున్నావని, అక్కడ మ్యూజియంలో ఒక జర్మన్ సబ్‌మెరైన్ ఉందట, చూడదగ్గదేనా అని అడిగావు. చూడు, తప్పకుండా చూడు. బయట నిలబడి ఫొటో దిగి వచ్చేయకు. లోపలికి తీసుకెళ్లే టూర్‌కి టికెట్ వేరే ఉంటుంది, అది ముందే తీసేసుకో. ఇక్కడితో ఆపేయొచ్చు గానీ, ఈ విషయం అడిగింది నువ్వు, చెప్పేది నేను. తీరిక చేసుకుని చదువు.

నాకు ఈ ఇష్టం పుట్టింది విశాఖ ఆర్కే బీచ్‌లో, కుర్సురాలో. సోవియట్ యూనియన్‌లో కట్టిన సబ్‌మెరైన్ అది. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది, 31 ఏళ్లు పనిచేసి 2001లో రిటైరైంది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. బయట నుంచి చూస్తే 91 మీటర్ల పొడుగు, ఇంత పెద్దదా అనిపిస్తుంది. లోపల అడుగుపెట్టాక తెలుస్తుంది, ఆ పొడుగంతా యంత్రాలదేనని. మనుషులకి మిగిలింది మధ్యలో సన్నటి నడవ. పైన పైపులు, పక్కన వాల్వులు, గేజీలు. టార్పెడోలు, అంటే నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధాలు, వదిలే గొట్టాలు ముందు గదిలో ఆరు, వెనక గదిలో నాలుగు. మొత్తం ఏడు గదులు, వాటి మధ్య బిగించి మూసే గుండ్రటి తలుపులు. ఒక గదిలోకి నీళ్లొస్తే ఆ తలుపు మూసేయాలి. అటువైపు ఎవరున్నా సరే. అది విన్న దగ్గర్నుంచి ఆ తలుపుల్ని నేను మామూలుగా చూడలేకపోయాను.

అక్కడ గైడ్లు రిటైరైన నౌకాదళం వాళ్లే. ఎంత లోతుకి వెళ్తుంది, టార్పెడో ఎంత దూరం పోతుంది అని నేను అడుగుతుంటే మా గైడ్ టకటకా చెప్పేస్తున్నారు. ఇంతలో మా అమ్మాయి, "అంకుల్, మీరు స్నానం ఎక్కడ చేసేవాళ్లు?" అంది. ఆయన ఆగిపోయారు. అప్పటిదాకా చెప్పింది వేరు, ఆ తర్వాత చెప్పింది వేరు. మంచినీళ్లు తాగడానికీ వంటకీ పోగా మిగిలేవి కావట, స్నానం లేకుండా రోజులకి రోజులు గడిచేవట. మంచాలు మనుషుల కంటే తక్కువ. డ్యూటీకి ఒకడు లేచి వెళ్తే, డ్యూటీ దిగినవాడు అదే మంచంలో, ఇంకా వెచ్చదనం పోని పరుపు మీద పడుకోవాలి. పగలూ రాత్రీ తేడా గడియారంలో తప్ప ఎక్కడా లేదు. ఇంటికొచ్చాక ఎన్నిసార్లు ఉతికినా బట్టల్లోంచి డీజిల్ వాసన పోయేది కాదట. అందుకే చెప్తున్నా, ఏ సబ్‌మెరైన్‌కి వెళ్లినా గైడ్‌ని ఇలాంటి చిన్న ప్రశ్నలు అడుగు. ఆయుధాల లెక్కలు బోర్డు మీద రాసే ఉంటాయి.

ఇంకో సంగతి చెప్పాలి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. కుర్సురా ఫాక్స్‌ట్రాట్ రకం. నీళ్లపైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లతో నడుస్తుంది, మునిగాక బ్యాటరీలతో. డీజిల్‌కి గాలి కావాలి కదా, అందుకని బ్యాటరీ అయిపోతే పైకి రావాలి, లేదా గాలి గొట్టం నీళ్లపైకి ఎత్తి ఇంజన్లు నడపాలి. రెండింట్లో ఏది చేసినా శత్రువు కంటపడే ప్రమాదమే. ఆ బ్యాటరీలు వాళ్లు పడుకునే గదుల నేల కిందే ఉంటాయి.

1962 అక్టోబరు 27న, క్యూబాలో సోవియట్ క్షిపణుల గురించి అమెరికాకీ సోవియట్ యూనియన్‌కీ మధ్య సంక్షోభం నడుస్తుండగా, ఇదే రకం సోవియట్ సబ్‌మెరైన్ బీ-59ని అమెరికా నౌకలు చుట్టుముట్టాయి. పైకి రమ్మని హెచ్చరికగా చిన్న పేలుడు గుళ్లు నీళ్లలోకి వదిలారు. లోపల బ్యాటరీ అడుగంటింది, చల్లదనం ఇచ్చే యంత్రాలు ఆగిపోయాయి, వేడి 45 డిగ్రీలు దాటింది. మాస్కోతో మాటల్లేవు. పైన యుద్ధం మొదలైందో లేదో తెలీదు. వాళ్ల దగ్గర ఒక అణు టార్పెడో ఉందని అమెరికా వాళ్లకి తెలీదు. తర్వాత కాలంలో ఆ సిబ్బంది చెప్పిన దాన్నిబట్టి, కెప్టెన్ సావిట్‌స్కీ దాన్ని సిద్ధం చెయ్యమన్నాడు. అందులోనే ఉన్న ఇంకో అధికారి వాసిలీ అర్ఖిపోవ్ వద్దని ఆయన్ని ఒప్పించాడు. సబ్‌మెరైన్ పైకి వచ్చింది.

నేను ఈ కథ ముందే చదివాను. చదివినప్పుడు అర్ఖిపోవ్ తెలివైనవాడు అనుకున్నాను, అంతే. కుర్సురా కంట్రోల్ రూమ్‌లో నిలబడ్డాక గానీ అది ఎలాంటి పనో అర్థం కాలేదు. ఏసీ ఉంది, బయటికి దారి ఉంది, వెనక మా వాళ్లున్నారు. అయినా పది నిమిషాలకే నాకు ఊపిరి బరువుగా అనిపించింది. అలాంటి చోట, ఆ వేడిలో, చుట్టూ చప్పుళ్ల మధ్య, పక్కవాడి భుజం తగులుతూ నిలబడి ఒక మనిషి నిదానంగా మాట్లాడాడు. ఆ గది సైజు తెలియకుండా ఆ మాట విలువ తెలీదురా.

ఇక నీ షికాగో సంగతి. అక్కడున్నది యూ-505. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 4న ఆఫ్రికా పశ్చిమ తీరం దగ్గర, కెప్టెన్ డేనియల్ గ్యాలరీ నాయకత్వంలోని అమెరికా నౌకలు దాన్ని పట్టుకున్నాయి. జర్మన్లు దాన్ని ముంచేద్దామని నీళ్లు లోపలికి వదిలి బయటికి దూకేశారు. పేలుడు పదార్థాలు ఎక్కడ అమర్చి ఉన్నాయో తెలియకుండానే అమెరికన్ నావికులు లోపలికి దిగారు. నీళ్లు ధారగా వస్తున్న రంధ్రం మూత అక్కడే దొరికితే బిగించేశారు. జర్మన్లు రహస్య సందేశాలు పంపడానికి వాడే ఎనిగ్మా యంత్రాలు, కోడ్ పుస్తకాలు చేతికి చిక్కాయి. అది మునిగిపోయిందనే జర్మనీ అనుకోవాలి, లేకపోతే కోడ్‌లు మార్చేస్తుంది. అందుకే ఖైదీల్ని కూడా ఎవరికీ కనపడకుండా ఉంచారు.

1954లో మ్యూజియానికి చేర్చారు. లోపలి సామాన్లు చాలావరకు పోయి ఉన్నాయి. వాటిని తయారుచేసిన జర్మన్ కంపెనీలకి రాస్తే, డబ్బు తీసుకోకుండా పంపించారు! యుద్ధం అయి పదేళ్లే అయింది అప్పటికి. చాలా ఏళ్లు ఎండా మంచూ తింటూ బయటే ఉండి పాడవుతుంటే, 2004లో భూమి కింద కట్టిన హాల్లోకి దించారు. ఇప్పుడు నువ్వు చూసేది అక్కడే.

ఫ్రాన్స్‌లో షెర్‌బూర్గ్‌లో లె రెదూతాబ్ల్ అని ఇంకో సబ్‌మెరైన్ ఉంది, 128 మీటర్లు, అణు క్షిపణులు మోసినది. రియాక్టర్ ఉన్న ముక్క కోసి తీసేసి, దాని చోట ఖాళీ ముక్క అతికించి జనాన్ని రానిస్తున్నారు. నేనింకా చూడలేదు.

వాయిదా మాత్రం వేయకు. ఇనుము ఉప్పుగాలికి ఆగదు. కుర్సురా తోబుట్టువుల్లాంటివి, బెల్జియంలో జీబ్రుగ్గెలో ఉన్నదాన్ని 2019లో, శాన్ డియెగోలో ఉన్న బీ-39ని 2022లో తుక్కుకి పంపేశారు. పదిహేడేళ్లు జనం ఎక్కి దిగిన బీ-39 రా అది. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది.

యూ-505లో ఆ రంధ్రం మూత ఎక్కడుండేదో చూపించమని గైడ్‌ని అడుగు. ఎవరెక్కడ పడుకునేవాళ్లో కూడా అడుగు. ఏం చెప్పారో పొల్లుపోకుండా రాయి.

ఉంటా రా.