బక్కచిక్కే పుంజుకి ముందు రెట్ట పరీక్ష

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ పేజీలో 'మా పుంజు రోజురోజుకీ బక్కచిక్కుతోంది, ఏం చేయాలి?' అన్న ప్రశ్నకి ఇచ్చిన జవాబు చదివాను. అయిదు రోజులు యాంటీబయాటిక్, ఆపైన విటమిన్ చుక్కలు, బలమైన దాణా అన్నారు. అచ్చంగా ఇదే వైద్యం మా పుంజుకి చేసి నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

పుంజు చిక్కిపోతే కంటికి తెలియదు, ఈకలు దాచేస్తాయి. కాలికి చుట్టుకున్న దారం తీద్దామని ఎత్తుకున్నప్పుడు మాత్రమే నాకు తెలిసింది. ఛాతీ కింద చెయ్యి పెడితే రొమ్ము ఎముక కత్తి వెన్నులా తగిలింది. అటూ ఇటూ కండ ఉండాల్సిన చోట గుంటలు. గుడ్డసంచిలో పెట్టి స్ప్రింగ్ త్రాసుకి తగిలిస్తే 2 కిలోల 400 గ్రాములు. నాలుగు నెలల కిందట 3 కిలోల 200 ఉండేది.

మేత తింటోందా లేదా అన్నది కూడా చూసి చెప్పలేం. గింజ దొరికితే పుంజు ముక్కుతో ఎత్తి, కింద పడేసి, కొక్కొక్కమని పెట్టల్ని పిలుస్తుంది. దూరం నుంచి అది తింటున్నట్టే ఉంటుంది. వేరే గూట్లో పెట్టి, మేత తూచి వేసి, మర్నాడు మిగిలింది తూస్తే రోజుకి 120 గ్రాముల పైనే తింటోందని తేలింది. అంటే ఆకలి ఉంది, తిన్నది ఒంటికి పట్టట్లేదు. పొద్దున్నే మేత వేయకముందు మెడ కింద సంచి తడిమితే ఖాళీగా ఉంది, కాబట్టి అక్కడ ఏమీ అడ్డుపడలేదు. నోట్లో పసుపు రంగు జున్నుముక్కల్లాంటి పొరలు లేవు. నడక బాగుంది, కంటిపాప చుట్టూ ఉండే వలయం రంగు మారలేదు, కాబట్టి మారెక్స్ అనే వైరస్ జబ్బు అనుమానం తగ్గింది. రక్తం పీల్చే గోమార్లు రాత్రే బయటికొస్తాయని టార్చి వేసి గూటి సందులన్నీ వెతికాను. లేవు.

మిగిలింది రెట్ట. మొదటే చేయాల్సింది చివర చేశాను. తాజా రెట్ట డబ్బాలో పట్టుకెళ్తే పశువుల డాక్టరు దాన్ని చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, పైకి తేలింది తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, నన్నూ చూడమన్నారు. నిమ్మకాయ ఆకారం, రెండు కొసలకీ బిరడాలు బిగించినట్టున్న గుడ్లు. కాపిల్లేరియా అనే, వెంట్రుకంత సన్నటి నట్టల గుడ్లట.

"నట్టల మందు నెల కిందటే వేశానండీ" అన్నాను, కాస్త రోషంగానే.

"ఏం మందు?"

"పైపరజీన్."

"అది ఏలికపాముల్నే చంపుతుందమ్మా. వీటి మీద పనిచేయదు."

బరువుని బట్టి లెక్కకట్టి అయిదు రోజులకి ఫెన్‌బెండజోల్ రాశారు, రెండు వారాల తర్వాత రెట్ట మళ్లీ తెమ్మన్నారు. మోతాదు ఇక్కడ రాయను, ఎవరి పుంజు బరువు వాళ్లది. పెట్టలకీ వేస్తే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అదీ డాక్టరునే అడగాలి. గూట్లో తడిసిన చెత్తంతా ఎత్తిపోశాను. ఈ నట్టల గుడ్లు తడి మట్టిలో నెలల తరబడి బతికుంటాయి, కొన్ని రకాలు వానపాముల్లోంచి కూడా వస్తాయి.

యాంటీబయాటిక్ ఈ నట్టల మీద పనిచేయదు. విటమిన్ల సంగతీ అంతే. రెట్టలో రక్తపారుడు (కాక్సీడియా అనే సూక్ష్మజీవుల వల్ల వచ్చే పేగుల జబ్బు) బయటపడి, దానికి ఆంప్రోలియం అనే మందు ఇస్తున్నారనుకోండి, అదే సమయంలో బి1 విటమిన్ పోస్తే మందు పనితనం తగ్గిపోతుంది. మీ జవాబులో ఈ ముక్క లేదు. కోళ్ల క్షయ మాటా లేదు. దానిలోనూ పక్షి తింటూనే ఎండిపోతుంది, మిగతావాటికి అంటిస్తుంది, మందులతో కాపాడదామని చూడటం దండగ. రెండేళ్ల కిందట మా ఇంకో పుంజు అలాగే ఎండి చచ్చిపోతే, బాధలో కోయించి చూపించకుండా పాతేశాను. కాలేయం మీద గడ్డలున్నాయో లేదో ఒక్కసారి చూసినా తెలిసేది. అది క్షయో, నట్టలో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

రెండో పరీక్షలో గుడ్లు కనపడలేదు. నిన్న తూస్తే 2 కిలోల 950. మొదటిసారి సంచిలో చప్పుడు చేయకుండా వేలాడిన పుంజు, నిన్న త్రాసు ముల్లు నిలవనివ్వలేదు. నా మణికట్టు మీద రెండుచోట్ల పొడిచింది.

ఇట్లు,
మీ పాఠకురాలు