ప్రాజెక్టు పనుల్లో ఇంటర్నెట్: తల్లిదండ్రులకు ఒక విన్నపం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మూడు, నాలుగు, అయిదు తరగతుల ప్రాజెక్టు పనుల్లో ఇంటర్నెట్‌ను ఎలా వాడుతున్నామో, ఇంటి దగ్గర మీ నుంచి ఏ సహకారం కోరుతున్నామో వివరించడానికి ఈ నెల వార్తాలేఖలో ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. మొన్నటి తల్లిదండ్రుల సమావేశంలో కొందరు ఇంత చిన్న పిల్లలకు ఇంటర్నెట్ ఎందుకని అడిగారు. మరికొందరు వేరే బడుల్లో అన్నీ కంప్యూటర్ మీదే చేయిస్తుంటే మన దగ్గర ఇంత తక్కువ ఎందుకని అడిగారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. పిల్లలు తమ చుట్టూ ఉన్నదాన్ని కళ్లారా చూసి, దాని గురించి సొంతంగా ఒక ప్రశ్న అడిగిన తరువాతే వారి ముందు ఇంటర్నెట్ తెరవాలి.

ఈ వర్షాకాలంలో అయిదో తరగతి చేసిన గోదావరి ప్రాజెక్టు అలాగే మొదలైంది. మన పిల్లల్లో చాలామంది గోదావరి మధ్యనున్న లంక గ్రామాల నుంచి వస్తారు. భద్రాచలంలో నీరు పెరుగుతోందని టీవీలో చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్లు పశువులను ఏటిగట్టు మీదికి తోలుకుపోవడం వాళ్లు ఏటా చూసేదే. అక్కడ పెరిగిన నీరు మన దగ్గరికి ఎప్పుడు వస్తుందని ఒక అమ్మాయి తరగతిలో అడిగింది. టీచరుగారు వెంటనే కంప్యూటర్ తెరవలేదు. ఇంట్లో తాతయ్యలను, నాన్నమ్మలను అడిగి రమ్మన్నారు. 1986 ఆగస్టు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో విని, కొందరు పిల్లలు ఆ ఎత్తును తమ ఇంటి గోడ మీద చేత్తో కొలిచి వచ్చి చెప్పారు. ఆ తరువాతే కేంద్ర జలసంఘం వరద సూచనల వెబ్‌సైటు చూశారు. రోజూ ఉదయం ప్రార్థన కాగానే ఎగువనున్న భద్రాచలం, దిగువనున్న ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టాలను తేదీ, సమయంతో సహా రాసుకుని గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టారు. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది కనుక, పైనున్న అంకె ఒక్కదాన్ని చూసి కింద ఏమవుతుందో చెప్పేయలేమన్న సంగతి అట్లాసు, ఆ గ్రాఫు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు వాళ్లకు తెలిసింది.

ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఒక గందరగోళం. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర ఇస్తారని పత్రికలో ఉంది. జలసంఘం పేజీలో అదే ధవళేశ్వరానికి హెచ్చరిక మట్టం 14.25 మీటర్లని ఉంది. 14.25ను 3.28తో గుణిస్తే 46.74 అడుగులు వచ్చేసరికి, రెండింటిలో ఏదో ఒకటి తప్పని పిల్లలు తేల్చేశారు. నిజానికి రెండూ సరైనవే. జలసంఘం సముద్రమట్టం నుంచి కొలుస్తుంది; పత్రికల్లో వచ్చే బ్యారేజీ గేజి కొలత దానికి సుమారు 35 అడుగుల పైనుంచి మొదలవుతుంది. టీచరుగారు ఒక అబ్బాయిని బెంచీ ఎక్కించి, అతని ఎత్తును ఒకసారి నేల నుంచి, ఒకసారి బెంచీ నుంచి కొలిచి చూపించారు. పత్రికలు మూడో హెచ్చరికకు చెప్పే 17.75 అడుగులు, జలసంఘం ప్రమాద మట్టంగా చెప్పే 16.08 మీటర్లు కూడా అలాగే కుదురుతాయేమోనని పిల్లలు ఎవరూ చెప్పకుండానే లెక్క వేశారు. కుదిరాయి. 2022 జూలై వరదకు భద్రాచలంలో ఒక వార్తలో 70 అడుగులని, మరో వార్తలో 71.3 అడుగులని కనిపించినప్పుడు, మొదటిది నీరు ఇంకా పెరుగుతున్న వేళ రాసిందై ఉంటుందని వాళ్లే అన్నారు. కొలిచింది ఎవరు, ఎక్కడి నుంచి, ఏ వేళ అని అడగడం పదేళ్ల వయసులోనే అలవాటైతే, రేపు ఫోనులో ఏ వార్త వచ్చినా పిల్లలు దాన్ని ఉన్నపళంగా నమ్మరని నా ఆశ.

అందుకే మిమ్మల్ని ఒక మాట గట్టిగా అడుగుతున్నాను. దయచేసి పిల్లల ప్రాజెక్టును మీరు చేసి పంపవద్దు. నెట్ సెంటర్‌లో రంగుల ప్రింట్లు తీయించి చార్టు మీద అతికించి ఇస్తే, చార్టు అందంగా ఉంటుంది కానీ అందులో పిల్లల చేయి కత్తెర వరకే ఉంటుంది. చాట్‌జీపీటీని అడిగి రాయించిన వ్యాసాన్ని అందమైన దస్తూరీతో ఎక్కించుకొచ్చిన పిల్లలను అందులోని ఒక మాటకు అర్థం అడిగితే తల వంచుకుంటున్నారు. ఆ చిన్నబుచ్చుకోవడం చూడలేకపోతున్నాం. పగలంతా పనిచేసి వచ్చి, రాత్రి పదింటికి పిల్లల కోసం మీరు పడే ఆ శ్రమ ఎంత ప్రేమతో కూడినదో నాకు తెలుసు. అయినా, అక్షరదోషాలతో సగంలో ఆగిన సొంత పనికే మా దగ్గర ఎక్కువ మార్కులు వస్తాయి. ఇంట్లో ఫోను గానీ నెట్ గానీ లేనంత మాత్రాన ఎవరికీ ఒక్క మార్కు కూడా తగ్గదు, ఎందుకంటే ఇంటర్నెట్‌తో చేయాల్సిన పనంతా బడి వేళల్లోనే పూర్తవుతుంది.

పద్ధతుల విషయానికి వస్తే, ఒకటి, రెండు తరగతుల పిల్లలకు టీచరుగారు తెర మీద చూపించడమే తప్ప, వాళ్లు సొంతంగా వెతకడం ఉండదు. పై తరగతుల వాళ్లు నలుగురేసి ఒక కంప్యూటర్ దగ్గర, టీచరుగారి ఎదుటే, ముందుగా నోటు పుస్తకంలో రాసుకున్న ప్రశ్నతోనే కూర్చుంటారు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే, దీక్ష అనే ప్రభుత్వ వెబ్‌సైటులోని పాఠాలు మీరు ఇంట్లో కూడా చూపించవచ్చు. పిల్లల పేరుతో ఏ వెబ్‌సైటులోనూ ఖాతా తెరవం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటోంది. చట్టం అడిగినా అడగకపోయినా పిల్లల ముఖాలు, పేర్లు బయట పెట్టడం మాకు ఇష్టం లేదు. మీరు కూడా వాట్సాప్ స్టేటస్‌లో బడి ఫొటోలు పెట్టేటప్పుడు, అందులో పక్కింటి పిల్లలు ఉంటే వాళ్ల అమ్మానాన్నలను ఒక మాట అడగండి.

వచ్చే నెల నుంచి నాలుగో తరగతి వాళ్లు సీజన్ వాచ్ అనే కార్యక్రమంలో చేరుతున్నారు. దేశమంతటా బడిపిల్లలు, పెద్దలు తమ దగ్గర ఉన్న చెట్టును వారం వారం గమనించి, చిగురు, పూత, కాయ ఎప్పుడు వచ్చాయో అందులో నమోదు చేస్తుంటారు. మామిడి, వేప, చింత, కానుగ వంటి మనకు తెలిసిన చెట్లు ఆ జాబితాలో ఉన్నాయి. మామిడి పూతకు ముందే మొదలుపెట్టాలని మా ఆలోచన. ఇంటి దగ్గర గానీ, బడికి వచ్చే దారిలో గానీ రోజూ కనబడే ఒక చెట్టును మీ పిల్లలనే ఎంచుకోనివ్వండి. వాళ్లు రాసుకొచ్చిన వివరాలను బడి ఖాతా నుంచి టీచరుగారే నమోదు చేస్తారు. ఈ లేఖతో పంపిన సమ్మతి పత్రంలో ఆ చెట్టు పేరు రాసి, సంతకం చేసి, వచ్చే శనివారంలోగా తరగతి టీచరుగారికి అందజేయగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు