డాకర్ పనైపోలేదు, పిల్లల్ని భయపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

కంటైనర్లు (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి విడిగా నడిపే డబ్బాలు) నడిపే డాకర్ అనే టూల్ పనైపోయింది, అదే పని చేసే పాడ్‌మ్యాన్ రాకపోతే ఉద్యోగం రాదు అన్న మాట విని అమీర్‌పేటలో కోర్సులు చేస్తున్న పిల్లలు చాలామంది టెన్షన్ పడుతున్నారు. రోజూ కంటైనర్లతో పని చేసేవాడిగా అసలు సంగతి చెప్పాలనిపించి రాస్తున్నాను.

కంపెనీలు డాకర్ నుంచి పాడ్‌మ్యాన్‌కి మారుతున్న మాట నిజమే, మొదటి కారణం డబ్బు. 2021 ఆగస్టు 31న డాకర్ సంస్థ ఇంజనీర్లు తమ కంప్యూటర్లలో వాడే డాకర్ డెస్క్‌టాప్ లైసెన్సు మార్చింది. ఉద్యోగులు 250 మందిలోపు, ఏడాది రాబడి కోటి డాలర్లలోపు ఉన్న కంపెనీలకే ఉచితం, పెద్ద కంపెనీలు మనిషికింత అని కట్టాలి, అందుకు 2022 జనవరి 31 వరకు గడువిచ్చారు. వేలమంది ఇంజనీర్లున్న చోట ఆ బిల్లు ఎంతవుతుందో లెక్క వేసుకోండి. ఇన్నేళ్లు ఊరికే ఇచ్చినవాళ్లు డబ్బులు అడగడం తప్పని నేననను. కానీ లైనక్స్ సర్వర్లలో నడిచే డాకర్ ఇంజిన్ ఇప్పటికీ ఉచితమే, ఈ ముక్క ఎవరూ చెప్పరు.

రెండోది భద్రత, నాకు ఇదే అసలైన కారణం అనిపిస్తుంది. డాకర్ మామూలుగా రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) అధికారంతో వెనకాల ఎప్పుడూ నడిచే డీమన్ అనే ఒక ప్రోగ్రామ్ మీద ఆధారపడుతుంది. సర్వర్‌లో ఎవరినైనా డాకర్ వాడే అనుమతి ఉన్న డాకర్ గ్రూపులో చేర్చారంటే, అతను మొత్తం డిస్కును ఒక కంటైనర్‌లోకి మౌంట్ చేసుకుని (అంటే లోపలి నుంచి వాడేలా కలుపుకుని) పాస్‌వర్డ్ ఫైళ్లతో సహా ఏదైనా మార్చేయగలడు. రెడ్ హ్యాట్ తయారుచేసిన పాడ్‌మ్యాన్‌కి ఆ డీమన్ లేదు, మామూలు యూజర్‌గానే నడుస్తుంది. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8లో డాకర్‌ని తీసేసి దీన్నే పెట్టారు.

ఇక చాలా సర్వర్లలో కంటైనర్లను నిర్వహించే కుబెర్నెటిస్ డాకర్‌ని వదిలేసిందన్న గోల. 2020 డిసెంబర్‌లో ప్రకటించి 2022 మేలో 1.24 వెర్షన్‌లో వాళ్లు తీసేసింది కుబెర్నెటిస్‌ని డాకర్‌తో కలిపే డాకర్‌షిమ్ అనే అతుకుని మాత్రమే. డాకర్‌తో కట్టిన ఇమేజ్‌లు (కంటైనర్‌ని మొదలుపెట్టే ప్యాకేజీలు) అందులో ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎందుకంటే 2015లోనే డాకర్‌తో సహా చాలా కంపెనీలు కలిసి ఇమేజ్‌లు, కంటైనర్లు ఎలా ఉండాలో చెప్పే ఓసీఐ (ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్) అనే ఉమ్మడి ప్రమాణానికి పునాది వేశాయి, ఇవాళ ఒక టూల్ నుంచి ఇంకోదానికి మారగలుగుతున్నామంటే దాని చలవే.

అలాగని మారడం చిటికెలో పని కాదు. కమాండ్లు దాదాపు అవే, కానీ రూట్ లేకుండా నడిపితే 1024 కన్నా చిన్న నంబరు పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) తెరుచుకోదు, మౌంట్ చేసిన ఫోల్డర్‌లో రాయబోతే పర్మిషన్ లేదంటుంది, చాలా కంటైనర్లను కలిపి నడిపే కంపోజ్ ఫైళ్లు కొన్ని మొరాయిస్తాయి. లైసెన్సు డబ్బు మిగిలిందని సంతోషించే మేనేజర్లు దీనికి తగినంత టైమ్ కూడా ఇవ్వాలి.

కోచింగ్ వాళ్లకు నా విన్నపం ఒక్కటే. టూల్ పేరు మార్చి కొత్త కోర్సు అమ్మే బదులు నేమ్‌స్పేస్‌లు (కంటైనర్‌ని విడిగా ఉంచేవి), సీగ్రూప్‌లు (మెమరీ, సీపీయూ వాటాకి హద్దు పెట్టేవి), ఇమేజ్ లేయర్లు (ఇమేజ్‌లోని పొరలు) ఎలా పనిచేస్తాయో నేర్పండి. కంటైనర్ లోపలి రూట్, బయట సర్వర్‌లోని రూట్ ఒకటేనా అని నేను ఇంటర్వ్యూల్లో అడుగుతుంటాను. ఏ టూల్ వాడేవాళ్లకైనా తెలిసి ఉండాల్సిన విషయం అది, సర్టిఫికెట్ చేతిలో ఉన్న పిల్లలు కూడా దానికి తెల్లమొహం వేస్తున్నారు.

– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్